గవాచిలో పదకొండు గంటల ఎండ

మొన్న మా ఊరి కుర్ర ఫోటోగ్రాఫర్లు నాకు శాలువా కప్పి, మైకు చేతికిచ్చి, "సార్, మీరు తీసినవాటిలో మీకు బాగా నచ్చిన ఫోటో ఏది?" అని అడిగారు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రొద్దుటూరులో స్టూడియో నడిపినవాణ్ణి కదా, ఏ మంత్రి పేరో చెబుతానని ఎదురుచూశారు. "పాడుబడిన ఇంట్లో ఒక గోడ" అన్నాను. హాలంతా నవ్వింది. ముసలాయనకు మతి తప్పిందనుకుని ఉంటారు. ఆ మైకు గోలలో చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. నవ్విన వాళ్ళు ముందుగా చదవండి.

అవి పార్టీల రోజులు. పార్టీ అంటే జెండా, ఎన్నికల గుర్తు అని మీరనుకుంటారు. మా పల్లెల్లో పార్టీ అంటే ఏ వీధిలో నడవొచ్చు, ఏ హోటల్లో టీ తాగొచ్చు అన్న లెక్క. పెళ్ళి ఫోటోలకు పోవాలన్నా ఆ ఇల్లు ఏ పార్టీదో ముందు కనుక్కునేవాళ్ళం. ఒక వైపు పెళ్ళి ఒప్పుకుంటే రెండో వైపు పెళ్ళి మనకు రాదు. నేను ఇద్దరికీ నవ్వు ముఖం పెట్టి బతికినవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో ఒక ఉదయం నా స్టూడియోకు ఒక యువ వకీలు వచ్చాడు. పులివెందుల కోర్టులో ఒక ఇంటి దావా నడుస్తోందట. చోటును చూసి రమ్మని జడ్జిగారు ఈయన్ను కమిషనరుగా వేశారు. కోర్టు కమిషనరంటే పెద్ద అధికారి కాదు. జడ్జి తరఫున పోయి, కళ్ళారా చూసి, ఉన్నది ఉన్నట్టు రాసి, ఫోటోలు తీయించి ఇచ్చే వకీలు.

"పులివెందులలో ఎవరూ రామన్నారు సార్" అన్నాడు. "ఒకాయనకు జ్వరం. ఇంకొకాయన కెమెరాకు జ్వరం. మీరైనా వస్తారా?"

నేనెందుకు ఒప్పుకున్నానో నిజం చెప్పాలి. ధైర్యంతో కాదు. మా వీధి చివర ఇంకో స్టూడియో ఉండేది. దాని ఓనరు నా గురించి, "ఆయప్ప పెండ్లి పందిరి దాటి బయటికి రాడులే" అన్నాడని అంతకు ముందురోజే నా చెవిన పడింది. పైగా మద్రాసు నుంచి తెప్పించుకున్న కొత్త ఫ్లాషు నా దగ్గరుంది. దాన్ని చూసుకుని అప్పట్లో సూర్యుడితో నాకేం పని అన్నట్టు తిరిగేవాణ్ణి.

దావా సంగతి వకీలు దారిలో చెప్పాడు. ఇల్లు తనదని కోర్టుకెక్కింది ఒక వితంతువు. జమ్మలమడుగులో ఒక బడిలో ఆయాగా పనిచేస్తోంది. ఆమె మామ ఆ పల్లెలో పిల్లలకు చదువు చెప్పిన అయ్యవారు. ఒక ఎన్నికల్లో ఊరి పెద్ద, తాను చెప్పిన గుర్తుకే అందరూ ఓటెయ్యాలన్నాడు. "నా ఓటు నేనే వేసుకుంటా" అన్నాడట ఆ అయ్యవారు. వారం తిరక్కముందే ఇంటి మీద బాంబులు పడ్డాయి. కట్టుబట్టలతో ఊరు దాటారు. ఇంటి కాగితాలు ఆ మంటల్లోనే పోయాయి. అయ్యవారు, ఆయన కొడుకు ఇద్దరూ పరాయి ఊళ్ళోనే కన్నుమూశారు. మిగిలింది ఈమె ఒక్కతే.

ఊరి పెద్ద వాదన ఒక్క మాటలో తేలిపోయేది. అది ఇల్లే కాదు, కొట్టం అన్నాడు. తన తాతల నాటి పశువుల కొట్టం, అందులో ఏనాడూ మనుషులు కాపురం లేరు అని కోర్టులో రాసిచ్చాడు. ఊళ్ళో ఒక్కడూ కాదనలేదు. కాదని చెప్పి ఆ ఊళ్ళో ఎట్లా బతుకుతారు? అది కొట్టమా, ఇల్లా అన్నది తేలితే దావా తేలినట్టే. అది తేల్చడానికే మేం పోతున్నాం.

మొదటిసారి పోయినప్పుడు మా వెంట ఇద్దరు కానిస్టేబుళ్ళు, రెండు వైపుల వకీళ్ళు ఉన్నారు. ఎదురు అరుగు మీద పదిమంది మగవాళ్ళు కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు.

"ఏ ఊరప్పా నీది?" అని ఒకడు నన్నడిగాడు.

"ప్రొద్దుటూరు."

"ప్రొద్దుటూరులో యాడ?"

ఆ రెండో ప్రశ్న నాకు నచ్చలేదు. వినబడనట్టు కెమెరా సర్దుకున్నాను.

దావా పడినప్పటి నుంచి ఎవరూ అడుగుపెట్టకూడదని కోర్టు ఆర్డరు ఉండటంతో ఇల్లు బాగా పాడుబడింది. మట్టి మిద్దె. వాకిట్లో జిల్లేడు నడుమెత్తు పెరిగింది. తలుపుకు ఒక రెక్కే ఉంది. లోపల గబ్బిలాల కంపు, పాత చొప్ప కంపు. ముందు గది, దాని పక్కన వంటగదిలాంటిది, వెనక పొడవాటి చీకటి గది. పైకప్పులోని దంతెలకు, అంటే అడ్డకర్రలకు, చెదలు పట్టింది. గోడలన్నింటికీ సున్నం మందంగా కొట్టి ఉంది. పాడుబడిన కొట్టానికి అంత సున్నం ఎందుకు కొట్టారని నాకు అప్పుడు తోచలేదు. తోచి ఉంటే ఈ కథ సగంలోనే అయిపోయేది.

గదిగదికీ ఫ్లాషు వేసి రీలంతా తీశాను. కమిషనరు టేపుతో కొలుస్తూ, రాసుకుంటూ ఉన్నాడు. నా పని ఫోటోలు తీయడం వరకే. కానీ నోరు ఊరుకోదు కదా.

"సార్, గమనించినారా? గడపకు పసుపు ఆనవాలు లేదు. దేవుని గూడు యాడా లేదు. మనుషులున్న ఇంట్లో అవి రెండూ ఉంటాయి కదా" అన్నాను, అదేదో గొప్ప పరిశోధన చేసినట్టు.

"నిజమే" అని ఆయనా తలూపాడు. ఊరి పెద్ద వకీలు, "రాసుకోండి సార్, రాసుకోండి" అన్నాడు సంబరంగా. కమిషనరు రాసుకున్నాడు. రిపోర్టులో అది అచ్చంగా ఎక్కింది: గడపకు పసుపు లేదు, పూజా స్థలం లేదు, నివాసం ఉన్న చిహ్నాలు కనబడలేదు. సాక్ష్యంగా నా ఫోటోలు. ఫోటోల్లో తెల్లటి బోడి గోడలు.

పదిహేను రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె నా స్టూడియో మెట్లెక్కింది. యాభై దాటిన మనిషి, తెల్ల చీర, చేతిలో గుడ్డసంచి. జమ్మలమడుగు బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది. ముఖమంతా చెమట.

"మా ఇంటికి పోయి ఫోటోలు తీసింది నువ్వేనా అప్పా?"

"నేనే అక్కా."

"దేవుని గూడు లేదని చెప్పింది కూడా నువ్వేనంట?"

అవునన్నట్టు తలూపాను.

"మేము కిరస్తానీలం. మా మామ వాళ్ళ నాయన కాలం నుంచి ఏసు గుడికి పోయేటోళ్ళం. మా ఇంట్లో దేవుని గూడు ఎందుకుంటాది? మా గడపకు పసుపు ఎవురు పూస్తారు? ఆ కోర్టాయప్పకు తెలీదు, నీకు తెలీదు, మా వకీలుకూ తెలీదు. అడిగితే చెప్పేదాన్ని కదా! నన్ను ఒక్క మాట అడగకుండానే నా ఇంటిని కొట్టం చేసి పెట్టినారు."

కోపంగా మొదలుపెట్టిన మనిషి చివరికొచ్చేసరికి ఏడ్చింది. నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. నేనెన్ని క్రైస్తవ పెళ్ళిళ్ళు తీయలేదు! ఎన్ని ఇళ్ళలో కాఫీ తాగలేదు! ఆ ఇళ్ళలో గోడకు బైబిలు వాక్యం ఉంటుంది గాని గూడు ఉండదని నాకంటే ఎవరికి బాగా తెలియాలి? ఎదుట కనిపించేదాన్ని చూడటమే నా పని, ఆ పని నేను చేయలేదు. నా పనితనం మీద నాకే అసహ్యం పుట్టిన రోజు అది.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఫోటోలన్నీ బల్ల మీద పరిచాను. ఆమె ఒక్కొక్కటే చూసి, వెనక గది ఫోటో దగ్గర ఆగింది.

"అచ్చరాలు యాడికి పోయినాయి?" అంది.

"ఏం అక్షరాలు?"

అప్పుడు చెప్పింది. ఆ పొడవాటి గదే వాళ్ళ మామ బడి. వచ్చే పిల్లల్లో పలకలు ఉండే పిల్లలు తక్కువ. అందుకని ఆయన పడమటి గోడకు మెత్తటి మట్టి మెత్తి, అది పచ్చిగా ఉన్నప్పుడే అ నుంచి ఱ దాకా అక్షరాలన్నీ పుల్లతో లోతుగా గీశాడట. పిల్లలు వరసగా నిలబడి ఆ గాళ్ళలో వేలు పెట్టి దిద్దేవాళ్ళు. బలపం అక్కర్లేదు, పలక అక్కర్లేదు.

"నువ్వు ఎప్పుడు తీసినావు ఈ ఫోటో?"

"సాయంత్రం. చీకటిగా ఉంటే ఫ్లాషు వేసినా."

"గవాచి తెరవలేదా?"

మిద్దె ఇళ్ళకు వెలుతురు కోసం పైకప్పులో వదిలే కంతను మా వైపు గవాచి అంటారు. వానకు తడవకుండా దాని మీద బండ కప్పుతారు. ఆ గదికి గవాచి ఉందన్న సంగతే నేను చూడలేదు.

"మా మామ ఆ గవాచిని గోడ పక్కనే పెట్టించినాడు. పదకొండు గంటలకు ఎండ గోడను రాసుకుంటా దిగుతాది. అప్పుడు చూడాల నువ్వు, అచ్చరాలు లేచి నిలబడతాయి. ఆ టయానికే బడి పెట్టేటోడు."

ఎంత మందంగా సున్నం కొట్టినా లోతైన గాళ్ళు పూర్తిగా పూడవు. పక్క నుంచి వాలుగా వెలుతురు పడితే ప్రతి గుంటకూ నీడ పుడుతుంది. ఎదురుగా ఫ్లాషు కొడితే ఆ నీడలన్నీ చస్తాయి. నా పనిలో మొదట నేర్చుకునే పాఠం ఇది. ఆ కొత్త ఫ్లాషు మోజులో ఇది నేను మరిచిపోయాను. ఆ అక్షరాలను సున్నం దాచలేదు, నేనే దాచాను.

మరుసటి రోజు ఆమెతో పాటు పులివెందులకు పోయాను. ఆమె వకీలు రిపోర్టు మీద అభ్యంతరం వేశాడు. ఫోటోలు సరిగా లేవని నేనే కాగితం రాసిచ్చాను. "తన ఫోటోలు బాగాలేవని ఒప్పుకున్న ఫోటోగ్రాఫరును నేను ఇంతవరకు చూడలేదు" అన్నారట జడ్జిగారు. మళ్ళీ చూసి రమ్మని కమిషనరుకు ఆర్డరు ఇచ్చారు.

రెండోసారి పదిన్నరకే చేరుకున్నాం. ఈసారి ఆమె కూడా వచ్చింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ వీధిలో అడుగుపెట్టింది. ఎవరి వైపూ చూడలేదు, తలా దించలేదు. ఊరి పెద్ద రాలేదు గాని, తన సాక్షిగా ఒక ముసలాయన్ను పంపాడు. డెబ్భై ఏళ్ళు ఉంటాయి. గొర్రెలు మేపుకునే కులపాయన, భుజాన కంబళి, చేతిలో కట్టె. మొదటి నుంచీ ఆ పెద్ద పార్టీయే. అది కొట్టమేనని కోర్టులో చెప్పబోయే సాక్షుల్లో మొదటి పేరు ఆయనదే.

వెనక గదిలో చీకటి. గవాచి మీద బండ. "తీయించండి" అన్నాడు కమిషనరు. ఎవరూ కదలలేదు. కానిస్టేబుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎదురు మిద్దె మీద నలుగురు నిలబడి ఉన్నారు. ఈ మిద్దె ఎక్కినవాడు వాళ్ళకు నిలువునా కనబడతాడు.

"నేను ఎక్కుతా" అంది ఆమె, కొంగు నడుముకు దోపుకుంటూ.

అప్పుడు నాకు సిగ్గేసింది. "నువ్వుండక్కా" అని కెమెరా ఆమె చేతికిచ్చి, గోడకున్న రాతి మెట్ల మీదుగా నేనే ఎక్కాను. భయపడ్డానని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకేం నామోషీ లేదు. ఎదుటి మిద్దె మీంచి, "ప్రొద్దుటూరాయనా, జారి పడేవు, పైలం" అన్నారు. ఆ మాటలో జాగ్రత్త లేదు. బండ బరువుగా ఉంది. రెండు చేతులతో నెట్టి, కాలితో తన్ని, పక్కకు జరిపాను.

దిగి లోపలికి పోయేసరికి అందరూ గోడ ముందు నోరు తెరిచి నిలబడ్డారు. ఎండ గోడను రాసుకుంటూ దిగుతోంది. అది దిగిన మేరా తెల్ల సున్నంలోంచి అక్షరాలు లేస్తున్నాయి. మొదట అ. తర్వాత ఆ. వరస తర్వాత వరస, పిల్లల ఎత్తుకు సరిగ్గా, గుండ్రంగా, తీరుగా. ఆమె కెమెరాను గుండెకు అదుముకుని ఉంది. దాన్ని మెల్లగా తీసుకుని, ఫ్లాషు పెట్టకుండా, ఊపిరి బిగబట్టి తీశాను. నా జీవితంలో అంత ఆనందంగా నేనెప్పుడూ మీట నొక్కలేదు.

ఊరి పెద్ద వకీలు తెలివైనవాడే. రెండు నిమిషాల్లో తేరుకున్నాడు.

"సార్, ఇవి ఈ మధ్య ఎవరో గీకి సున్నం పూసినవి. ఎవడో చదువురాని వాడు గీకినాడు. ఈ 'ఝ' చూడండి. దాని తోక చూడండి ఎంత పొడుగు లాగినాడో. అంతా తప్పు. అయ్యవారు రాసిందే అయితే ఇట్లా తప్పు రాస్తాడా?"

వెనక నుంచి కట్టె ఠక్కున నేలకు తగిలింది.

"ఏంది సార్ నువ్వు మాట్లాడేది? తప్పా?" ముసలాయన ముందుకొచ్చాడు. "మా అయ్యోరు రాసిందాన్ని తప్పంటావా? పిల్లోళ్ళ వేలు బాగా తిరగాలని ఆయప్ప కావాలనే అంత పొడుగు లాగినాడు. నాకు ఝ రాలేదని రెండు దినాలు ఈ గోడ కాడ నిలబెట్టినాడు. తప్పంట!"

అంటూనే ఆ అక్షరం మీద వేలు పెట్టి, సున్నం రాలుతుంటే, మొదలు నుంచి తోక చివరిదాకా దిద్దాడు. ఎన్నేళ్ళయినా ఆ చెయ్యి దారి మరిచిపోలేదు. నేను ఫోటో తీశాను.

అప్పటికి గదిలో అందరికీ అర్థమైంది, ఆయనకు తప్ప. కమిషనరు చాలా నెమ్మదిగా అడిగాడు.

"పెద్దాయనా, ఎవరు మీ అయ్యవారు?"

ముసలాయన చెయ్యి గోడ మీదే ఆగిపోయింది. తలుపు దగ్గర నుంచి ఒకడు, "మామా, నోరు మూసుకో. బయటికి రా" అన్నాడు. ఆయన వాడి వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

"ఈయమ్మ మామ" అన్నాడు.

"ఎక్కడ చెప్పేవాడు మీకు చదువు?"

"ఈడనే. ఈయింట్లోనే."

"మామా!" అని మళ్ళీ కేక.

"ఏందిరా మామా? నేను సదువుకున్యాది కొట్టంలో అని సెప్పమంటావా? నేనేమన్నా ఎద్దునా? ఇంట్లో సదువుకున్యా. ఈడ ఆయప్ప, ఆయప్ప పెండ్లాం కాపురముండ్రి. ఆయమ్మ పెట్టిన సంగటి తిన్యా. రాసుకో సార్."

కమిషనరు రాసుకున్నాడు. ఒక్క మాటా వదల్లేదు. నేను చూశాను.

దావా విచారణకు నన్నూ పిలిచారు. ఊరి పెద్ద వకీలు నా ఫోటో పైకెత్తి చూపి, "ఇది మీరు కావాలని కల్పించి తీసిన ఫోటో. వేలు పెట్టమని మీరే చెప్పారు. లేకపోతే ఎవరైనా చూపుడు వేలితో దిద్దుతారు గాని చిటికెన వేలితో దిద్దుతారా?" అన్నాడు. నిజమే, ఫోటోలో ఉన్నది చిటికెన వేలు. అంతవరకు నేనే గమనించలేదు. నెగెటివు ఇచ్చాను, నేను చెప్పలేదన్నాను, అంతే.

కోర్టు హాలు వెనక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన పేరును ఊరి పెద్ద తన సాక్షుల జాబితాలోంచి కొట్టేయించాడు. ఆయనే బస్సెక్కి ఒంటరిగా వచ్చి, ఆమె తరఫున బోనెక్కాడు. జడ్జిగారు అదే ప్రశ్న అడిగారు, చిటికెన వేలు ఎందుకని.

ముసలాయన తన చూపుడు వేలు ఎత్తి చూపించాడు. గొర్రెబొచ్చు కత్తిరించి కత్తిరించి లావెక్కిన వేలు.

"ఇది పట్టదు సామీ. అయ్యోరు గీసింది పిల్లోళ్ళ వేలికి. అప్పుడు నాకు ఇదే పట్టేది. ఇప్పుడు చిటికెన వేలే పడతాది."

జడ్జిగారు ఫోటోను దగ్గరికి తీసుకుని చూశారు. ఊరి పెద్ద వకీలు ఇంకేమీ అడగనన్నాడు. తీర్పు రావడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది గాని, ఆ ఇల్లు ఆమెదని నాకు తెలిసింది ఆ క్షణంలోనే. బయట చెట్టు కింద నేనూ ముసలాయనా బన్ను, టీ తీసుకున్నాం. "ఊళ్ళో నిన్నేమన్నా అంటారా తాతా?" అని అడిగాను. "అననీలే. నా గొర్రెలకు బీడు కావాలగానీ పార్టీ ఏమిటికి?" అని నవ్వాడు. నాకు మాత్రం భయంగానే ఉండింది. కానీ ఆయన జోలికి ఎవరూ రాలేదు. ఆ గోడ దగ్గర వేలు పెట్టిన వాళ్ళు ఆ ఊళ్ళో రెండు పార్టీల్లోనూ ఉన్నారని తర్వాత తెలిసింది.

కోర్టు ఉత్తర్వు పట్టుకొచ్చిన అమీను ఇల్లు అప్పగించిన రోజు ఆమె నన్ను పిలిపించింది. వీధి చివర ఉన్న ప్రత్యర్థి స్టూడియో ముందు నుంచి, కెమెరా బయటికి కనబడేలా వేసుకుని మరీ పోయాను. ఆ పాటి గొప్ప నాకు దక్కాల్సిందే. నేను పోయేసరికి ఆమె చీపురుతో, తడిగుడ్డతో గోడ మీద సున్నమంతా రాల్చేసింది. మట్టి రంగులో అక్షరాలు చక్కగా ఉన్నాయి. అ మీద నా చూపుడు వేలు పెట్టి చూశాను. పట్టలేదు. వీధి పిల్లలు ఏడెనిమిది మంది, రెండు పార్టీల ఇళ్ళ పిల్లలూ, గడప అవతల తొంగి చూస్తున్నారు. ముసలాయన తన మనవరాలిని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, గోడ ముందు నిలబెట్టి, ఆ పిల్ల చూపుడు వేలిని అ లో పెట్టాడు. చక్కగా పట్టింది.

నేను గబగబా సంచిలోంచి ఫ్లాషు తీశాను.

"ఒప్పుకోనప్పా!" అని ఆమె గట్టిగా అరిచింది. పిల్లలంతా ఉలిక్కిపడ్డారు. తర్వాత తనే పడీపడీ నవ్వింది. "టైమెంతయింది చూడు."

పదిన్నర. ఫ్లాషును సంచిలో పెట్టేసి, మిద్దెక్కి బండ జరిపి, కిందికొచ్చి గోడకానుకుని కూర్చున్నాను. అందరం ఎండ కోసం ఎదురుచూశాం.